ముద్దపప్పు చాలదు.. డబ్బా తప్పనిసరీ కాదు

కండ పెంచాలన్నా, కొవ్వు కరిగించాలన్నా ప్రోటీన్ లెక్క మన కంచం నుంచే మొదలవ్వాలి

జిమ్‌లో చేరిన వారానికే కుర్రాళ్లు అడిగే ప్రశ్న: ‘ఏ పౌడర్ వాడాలన్నా?’ అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఇప్పుడు తింటున్న తిండిలో ప్రోటీన్ ఎంత?

70 కిలోల కుర్రాణ్నే తీసుకుందాం. పొద్దున నాలుగు ఇడ్లీలు, చట్నీ: సుమారు 9 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, కప్పు పప్పు, కూర, పెరుగు: 20 గ్రాములు. సాయంత్రం టీ, బిస్కెట్లలో ఉండేది నామమాత్రం. రాత్రి అన్నంలోకి రెండు గుడ్ల కూర, మజ్జిగ: మరో 20. అంతా కలిపినా 50 దాటడం కష్టం. హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్లకు సూచించిన మోతాదు కిలో బరువుకు 0.83 గ్రాములు. ఆ లెక్కన ఇతనికి 58 కావాలి. అదీ మామూలు ఆరోగ్యానికి!

మరి కండకు? బరువులెత్తేవారిపై జరిగిన 49 అధ్యయనాలను గుదిగుచ్చి 2018లో పరిశోధకులు తేల్చిందేమిటంటే, కిలోకు 1.6 గ్రాముల వరకు ప్రోటీన్ పెంచితే కండకు లాభం, ఆపైన ఎంత తిన్నా పెద్దగా తేడా రాదు. అంటే మన కుర్రాడికి 112 గ్రాములు. కిలోకు మూడు గ్రాములు తినమనే ట్రైనర్ల మాట పట్టించుకోనక్కర్లేదు. బరువులు ఎత్తకుండా ప్రోటీన్ ఒక్కటే తిన్నా కండ రాదు.

అసలు పొరపాటు జరిగేది బరువు తగ్గాలనుకునేవాళ్ల దగ్గర. అన్నం మానేస్తారు, దాంతోపాటే పప్పూ పోతుంది. రాత్రికి గ్లాసు రాగి జావతో సరిపెట్టుకుంటారు. గ్లాసు జావలో పడే 30 గ్రాముల పిండిలో ప్రోటీన్ రెండు గ్రాములే. నెల తిరిగేసరికి కాటా మీద అంకె తగ్గుతుంది నిజమే, కానీ కొవ్వుతో పాటు కండా పోతుంది. తిండి తగ్గించినప్పుడు ప్రోటీన్ తగ్గకూడదు, ఇంకాస్త పెరగాలి. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 2016లో 40 మంది యువకుల తిండిలో కేలరీలు 40 శాతం కోసి, నాలుగు వారాలు గట్టిగా కసరత్తు చేయించింది. కిలోకు 2.4 గ్రాముల ప్రోటీన్ తిన్నవాళ్లకు 4.8 కిలోల కొవ్వు కరిగి, 1.2 కిలోల కండ పెరిగింది. 1.2 గ్రాములు తిన్నవాళ్లకు 3.5 కిలోల కొవ్వు పోయింది, కండ ఉన్నచోటే ఉంది. అందరికీ 2.4 అక్కర్లేదు. 1.6 నుంచి 2 మధ్య ఉంటే చాలామందికి సరిపోతుంది. ఊబకాయం ఉన్నవాళ్లు ఇప్పటి బరువుతో కాక, చేరాలనుకున్న బరువుతో లెక్క వేసుకోవాలి.

మన కుర్రాడు తినే 50కీ, కావాల్సిన 112కీ మధ్య ఉన్న లోటు వంటింట్లోనే పూడుతుంది. ఇడ్లీకి బదులు 60 గ్రాముల పెసలతో పెసరట్లు వేసుకుంటే 14 గ్రాములు. మూడు గుడ్లకు 18. పచ్చిగా తూచిన 150 గ్రాముల బోన్‌లెస్ చికెన్‌కు 33 (వంద గ్రాముల చికెన్ అంటే వంద గ్రాముల ప్రోటీన్ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు!). శాకాహారులకు 50 గ్రాముల మీల్‌మేకర్‌లో 26. వేరుశనగలు మంచివే, కానీ గుప్పెడు దాటితే కేలరీలు ఎక్కువ. ఇవన్నీ తినే తీరిక లేనివాళ్లకు ఒక స్కూప్ వే ప్రోటీన్ పౌడర్ 24 గ్రాములు ఇస్తుంది. అది సౌకర్యమే తప్ప మహత్తు కాదు.

ఒక్క హెచ్చరిక. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు ప్రోటీన్ తగ్గించి తినాల్సి రావచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. డాక్టర్ సరేనన్నాకే మోతాదు పెంచండి.