నూలుపోగులో వెండి రేణువులు

పసిబిడ్డకు వెండి ఉగ్గుగిన్నెతో ఉగ్గు పెట్టుట మన ఇండ్లలో తరతరాలుగా వచ్చుచున్న ఆచారము. ఆయుర్వేద రసశాస్త్రము కూడా వెండిని శుద్ధిచేసి, రజత భస్మముగా ఔషధములలో చేర్చినది. ఆ వెండియే నేడు బనియన్లలో, మేజోళ్ళలో, దుప్పట్లలో చేరుచున్నది. “సూక్ష్మజీవులను అరికట్టును, చెమట వాసన రానీయదు” అన్న చీటీ చూచి అధిక ధర చెల్లించుటకు ముందు ఒక విషయము తెలియవలెను. ఆ వెండి నూలుపోగు పైన ఉన్నదా, లోపల ఉన్నదా? వస్త్రము ఎన్నాళ్ళు పని చేయునన్నది చాలవరకు దీనిపైననే ఆధారపడి ఉన్నది.

వెండి చేయు పని

అప్పుడే పట్టిన చెమటకు వాసన అంతగా ఉండదు. చర్మముపై నివసించు బాక్టీరియా చెమటలోని పదార్థములను విడగొట్టినపుడు దుర్గంధము పుట్టును. వెండికి తడి తగిలినపుడు దాని నుండి అతి స్వల్పముగా అయానులు వెలువడును. ఇవి బాక్టీరియాలోని మాంసకృత్తులకు అంటుకొని వాటి జీవనక్రియలను అడ్డగించును. అనగా వాసనకు కారణమైన చెమట తడియే వెండిని పనిలోనికి దించుచున్నది.

వైద్యులు ఈ గుణమును ఏనాడో గుర్తించినారు. నవజాత శిశువుల కండ్లకు వ్యాధి సోకకుండ సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయు పద్ధతిని జర్మనీ వైద్యుడు క్రెడె 1881లో ప్రకటించెను. కాలిన గాయములకు పూయు సిల్వర్ సల్ఫాడయజిన్ లేపనము 1960 దశకములో వాడుకలోనికి వచ్చినది.

ముద్దగా ఉన్న వెండి కన్న సూక్ష్మ రేణువుల నుండి అయానులు సులభముగా వెలువడును. మిరియపు గింజను పొడి చేసినపుడు ఘాటు పెరుగుట వంటిదే ఇది. నానోమీటరు అనగా మీటరులో వంద కోట్లవ వంతు. పత్తి పోగు వెడల్పు సుమారు 15,000 నానోమీటర్లు. 15 నానోమీటర్ల వెండి రేణువు అందులో వెయ్యవ వంతు మాత్రమే.

పోగు లోపలికి ఎట్లు చేరును?

తయారైన వస్త్రముపై వెండిని పూతగా వేయుట సులభము. కాని పూత గట్టిగా అంటకున్న ఉతుకులో పోవును. అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో వెండి కలిసిన మేజోళ్ళను పరీక్షించిరి. కొన్ని నాలుగు ఉతుకులలోనే తమ వెండిని దాదాపు పూర్తిగా కోల్పోయినవి. మరికొన్ని ఒక శాతము కూడా కోల్పోలేదు.

అందుచేత రేణువులను పోగు లోపలనే పుట్టించు ప్రయత్నములు జరిగినవి. పత్తిలో అధికభాగము సెల్యులోజ్. దాని సన్నని తంతువులు పొరలు పొరలుగా పేరుకొని ఉండును. కాస్టిక్ సోడా వంటి క్షారములో పోగు ఉబ్బి, తంతువుల నడుమ సందులు ఏర్పడును. వెండి లవణపు ద్రావణము ఆ సందులలోనికి ఇంకును. తగిన రసాయనముతో గాని, వేడితో గాని ఆ వెండి అక్కడే లోహ రేణువులుగా మారును. పోగును కడిగి ఆరబెట్టగా అది మరల ముడుచుకొని, రేణువులు లోపల చిక్కుకొనును. అమెరికా వ్యవసాయ శాఖ వారి న్యూ ఆర్లియన్స్ పరిశోధన కేంద్ర శాస్త్రజ్ఞులు, ఈ విధముగా పోగు అంతటా రేణువులు వ్యాపించిన పత్తిని గూర్చి 2016లో ప్రకటించిరి.

ఈ పత్తి సాధారణముగా తెల్లగా ఉండక పసుపు, గోధుమ రంగులు పొందును. ఇది మురికి కాదు. అంతటి సూక్ష్మమైన వెండి రేణువుల సహజ వర్ణమే.

గృహిణులు గమనించవలసినవి

1. ఇట్టి వస్త్రము కొనునపుడు ఎన్ని ఉతుకుల వరకు గుణము నిలుచునో చీటీపై చూడవలెను. “వెండి కలదు” అన్నంత మాత్రమున చాలదు.

2. క్లోరిన్ కలిసిన బ్లీచింగ్ వాడరాదు. అది వెండి రూపమును మార్చివేయును.

3. ఉతుకునపుడు విడివడిన వెండి మురుగునీటిలో కలియును. నీటిలోని చేపలకు, సూక్ష్మప్రాణులకు అది హానికరము. కనుక అవసరము లేనిచోట ఇట్టి వస్త్రములు వాడకుండుటయే మేలు.

4. ఈ వస్త్రము ఔషధము కాదు. తామర, పుండ్లు, మధుమేహ రోగుల కాలి గాయములు ఉన్నవారు దీనిని నమ్ముకొని చికిత్స మానరాదు. గాయములకు వాడు వెండి పట్టీలు వేరు. అవి వైద్యుని సలహాపై వాడదగినవి.

5. వెండి రేణువుల నీటిని ఇంటిలో తయారు చేయరాదు, త్రాగరాదు. శరీరములో వెండి పేరుకొన్నచో చర్మము నీలి బూడిద రంగుకు మారును. ఆ రంగు తిరిగి పోవుట అరుదు. ఇట్టి నీటిని మందుగా అమ్ముటకు భద్రత గాని, గుణము గాని రుజువు కాలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లోనే నిర్ణయించినది. శాస్త్రోక్తముగా సిద్ధమైన రజత భస్మమును సైతము వైద్యుని పర్యవేక్షణలోనే సేవించవలెను.

చెమట ఎక్కువగా పట్టువారికి, దినమంతయు బూట్లతో పని చేయువారికి లోపల వెండి నిలిచిన మేజోళ్ళు కొంత ఉపకరించవచ్చును. మిగిలినవారికి ప్రతిదినము ఉతికి, ఎండలో బాగుగా ఆరవేసిన సాధారణ నూలు వస్త్రమే చాలును.