బి.టి. పత్తికాయలో గులాబిరంగు పురుగు ఏల బ్రదుకుచున్నది?



2022 వఱకు కృష్ణాజిల్లాలో నుండి, పిమ్మట ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల నల్లరేగడి చేలలో పత్తి వేయు రైతులు, బి.టి. విత్తనము వేసియు కాయలలో గులాబిరంగు పురుగును చూచి, విత్తనము కల్తీయని తలంచుట కలదు. కల్తీ యుండరాదని చెప్పజాలము. కాని మంచి విత్తనము వేసిన చేనిలోను ఈ పురుగు బ్రదుకుచున్నది. కారణము పురుగుల వంశానుక్రమములో నున్నది.

తల్లిదండ్రుల గుణములు బిడ్డలకు వచ్చు విధమును గ్రెగర్ మెండెలు అను క్రైస్తవ సన్యాసి బఠానీ మొక్కలపై పరీక్షించి 1866లో ప్రకటించెను. గుణములను మోయు జన్యువులు జంటలుగా నుండును; జంటలో ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. పట్టా పొలము అన్నదమ్ములు పంచుకొన్నకొలది చిన్నదగును గాని జన్యువు అట్లు తరుగదు. ఒక తరమున దాగియుండి మఱియొక తరమున మఱల బయటపడును.

బి.టి. పత్తిలో నేలయందుండు ఒక సూక్ష్మజీవి జన్యువును చేర్చిరి. దానివలన మొక్కలో పుట్టు పదార్థము కాయతొలుచు పురుగుల ప్రేగును చెఱచును. మన దేశమున దీనికి 2002లోను, రెండు జన్యువులు గల రకమునకు 2006లోను అనుమతి వచ్చినది. అయితే అనేక పురుగులలో ఏ ఒకటి రెండింటికో ఈ విషమును తట్టుకొను జన్యువు పుట్టుకతోనే యుండును. సాధారణముగా జంటలో రెండును అట్టివే యైనగాని పురుగు బ్రదుకదు. ఒకటే యున్నచో చచ్చును.

ఇక దాని నడవడి వినుడు. రెక్కల పురుగు రాత్రివేళ సంచరించును. ఆడుది ఒక వాసనను వదలును. మగది గాలికి ఎదురెగిరి దానిని చేరును. దగ్గఱలో సాదా పత్తి యున్నచో, దానిపై పెరిగిన పురుగులు అనేకము లుండును గనుక, విషమును తట్టుకొన్న ఒంటరి పురుగు వానితోనే జతకూడును. పిల్లలకు తట్టుకొను జన్యువు ఒక్కటే వచ్చును, అవి బి.టి. కాయ తిని చచ్చును. సాదా పత్తి లేనిచో తట్టుకొన్న రెండును తమలో తామే జతకూడును. పిల్లలన్నియు తట్టుకొనునవే యగును.

450 గ్రాముల బి.టి. పొట్లముతో 120 గ్రాముల సాదా విత్తనము నిచ్చినది ఇందుకే. పురుగు మేయుటకు పత్తి వేయుటా యని నవ్వి చాలమంది దానిని పాఱవేసిరి. చెప్పవలసినవారు సరిగా చెప్పనప్పుడు నవ్వుట రైతు తప్పు కాదు.

మఱియొక చిక్కు గలదు. మన సంకర విత్తనములలో బి.టి. జన్యువు సాధారణముగా తల్లిదండ్రులలో ఒకదానినుండియే వచ్చును. అందుచే ఒక జన్యువును లెక్కించినచో, ఆ మొక్క కాయలో సుమారు నాల్గింట ఒక గింజకు అది యుండదు. పురుగు గింజనుండి గింజకు పోవుచు విషము లేని గింజను తినును. చావవలసినవి కొన్ని తప్పించుకొనును.

మొదటి జన్యువు ఈ పురుగుపై పనిచేయుట లేదని 2010లో గుజరాతునుండి వెల్లడియైనది. కొన్నియేండ్లకు రెండవదియు నట్లే యైనది. శనగపచ్చ పురుగు మాత్రము అంత త్వరగా లొంగనిది కాలేదు. అది కంది, శనగ, మిరపలను గూడ తినును. ఆ పైరులే దానికి సాదా పత్తివలె నుపయోగపడినవి. గులాబిరంగు పురుగునకు ముఖ్యాహారము పత్తియే. అమెరికాలోని అరిజోనా రైతులు సాదా పత్తిని విడువక వేసిరి. పిదప గొడ్డు పురుగులను గూడ వదలిరి. 2018లో ఆ దేశపు పత్తి చేలలో ఈ పురుగు నశించినదని ప్రకటించిరి.

సాదా విత్తనము వేఱుగా నిచ్చినచో చేని చుట్టును విత్తవలెను. కలిపి యిచ్చినచో ఏరివేయరాదు. ఎకరమునకు రెండు లింగాకర్షక బుట్టలు కట్టి, బుట్టకు రాత్రికి ఎనిమిది చొప్పున వరుసగా మూడు రాత్రులు పడినచో మందు కొట్టవలెను. ముడుచుకొన్న గుడ్డిపూలను ఏరి నాశనము చేయవలెను. ఈ పురుగు చలికాలమున గింజలోనే నిద్రించును. కావున డిసెంబరు దాటించి పైరు నిలుపక, పత్తికట్టెను ఇంటి ప్రక్క వామి వేయక, కాయలతో గూడ వెంటనే నాశనము చేయవలెను.