కంపెనీ వెళ్లింది... బండి ఉంది!

వందేళ్లలో రెండుసార్లు మనదేశానికి వచ్చింది. రెండుసార్లూ దుకాణం కట్టేసి వెళ్లిపోయింది. అయినా నెల్లూరు తీరంలో ఉప్పుగాలి తింటూ, రొయ్యల చెరువుల గట్లు ఎక్కి దిగుతూ ఆ కంపెనీ కార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అమ్మేద్దామంటే సరైన ధర రాదు. ఉంచుకుందామంటే విడిభాగాల బెంగ. అలాగని వదులుకోవడానికి మనసొప్పదు. ఆ కారు పేరు... ఫోర్డ్!

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు... నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఈ మండలాల్లో కారంటే ఒకప్పుడు పెళ్లికో ఆసుపత్రికో అద్దెకు తెచ్చుకునే వాహనమే. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చి ఆ లెక్క మార్చింది. వరి మళ్లు చెరువులయ్యాయి. రొయ్య కలిసొచ్చిన ఇంటి ముందు కారొచ్చి నిలబడింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ కొట్టినప్పుడు అదే కారు అమ్మకానికి వెళ్లింది. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చాక మళ్లీ కార్లు కొన్నారు. అందుకే ఈ తీరంలో కారు ఏ సంవత్సరం మోడలో చూస్తే ఆ ఏడాది రొయ్య పండిందో ఎండిందో చెప్పేయొచ్చంటారు!

ఆ కార్లలో ఫోర్డ్‌ది ప్రత్యేకమైన స్థానం. దానికి కారణాలు చాలానే ఉన్నాయి. మొదటిది... దూరం. ఫోర్డ్ కర్మాగారం చెన్నై దాటాక మరైమలై నగర్‌లో ఉంది. నెల్లూరు నుంచి జాతీయ రహదారి మీద పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి అక్కడ ఉండొచ్చు. పక్కింట్లో తయారైన బండి అన్న భరోసా అది.

గోదాములోంచి ప్రపంచంలోకి

అసలు కథ మొదలైంది మాత్రం పక్కింట్లో కాదు, భూగోళానికి అవతల. 1903 జూన్‌లో అమెరికాలోని డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ తన కంపెనీ స్థాపించాడు. రైతు బిడ్డ. చదువు తక్కువ, యంత్రాల మీద మోజెక్కువ. అప్పటికి కారంటే కోటీశ్వరుల ముచ్చట. మామూలు మనిషి, అందులోనూ పల్లెటూరి రైతు కొనుక్కునే కారు చేయాలన్నది ఆయన పంతం. 1908లో ‘మోడల్ టి’ వచ్చింది. ధర 850 డాలర్లు. గతుకుల బాటల్లోనూ నడిచేలా నేలకి ఎత్తుగా ఉండేది. చెడిపోతే రైతే స్పానర్ పట్టుకుని బాగుచేసుకునేంత సాదాసీదా బండి.

1913లో ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైన్ మొదలుపెట్టాడు. కార్మికుడు కారు దగ్గరికి వెళ్లడం మాని, కారే కార్మికుడి దగ్గరికి నడిచొచ్చే పద్ధతి అది. దాంతో ఒక్కో ఛాసిస్ బిగించడానికి పన్నెండు గంటలకు పైగా పట్టే సమయం గంటన్నరకు దిగింది. మరుసటి ఏడాదే కార్మికుడి రోజుకూలి దాదాపు రెట్టింపు చేసి 5 డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. తయారీ ఖర్చు తగ్గేకొద్దీ ధర తగ్గించాడు. 1920ల నడుమ మోడల్ టి 300 డాలర్ల లోపే దొరికింది. 1927లో ఆపేసేనాటికి తయారైన కార్లు కోటీ యాభై లక్షల పైమాటే!

మద్రాసు రేవులో పెట్టెలు

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1926లో ఫోర్డ్ ఇండియాకి వచ్చింది. నేరుగా అమెరికా నుంచి కాదు, కెనడా శాఖ ద్వారా. బ్రిటిష్ సామ్రాజ్యంలోని దేశాలకు కెనడా నుంచి సరుకు పంపితే సుంకాలు కలిసొచ్చేవి. కారు భాగాలు పెట్టెల్లో ఓడెక్కి మద్రాసు, బొంబాయి, కలకత్తా రేవుల్లో దిగేవి. ఇక్కడ వాటిని బిగించి అమ్మేవారు. నెల్లూరు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి మోటారు సరుకేదైనా మద్రాసు నుంచే ఉత్తరానికి రావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి కరవొచ్చినప్పుడు రాష్ట్రంలో బస్సుల వెనక బొగ్గు పొయ్యి తగిలించి, ఆ గ్యాసుతో నడిపారు. పెద్దవాళ్లు చెప్పే ‘బొగ్గు బస్సుల’ కథలు ఆనాటివే.

స్వాతంత్య్రం వచ్చాక లెక్క మారింది. బయటి నుంచి భాగాలు తెచ్చి బిగిస్తే కుదరదు, ఇక్కడే తయారుచేసే ప్రణాళిక ఉన్నవాళ్లే ఉండాలంది ప్రభుత్వం. 1950ల మొదట్లోనే ఫోర్డ్, జనరల్ మోటార్స్ రెండూ సర్దుకుని వెళ్లిపోయాయి. మరి కార్లు కొన్నవాళ్లు? వాళ్లే మిగిలారు! ఆ తర్వాత చాలా ఏళ్లపాటు దేశమంతా పాత అమెరికన్ కార్లను నడిపించింది కంపెనీ కాదు, లేత్ మిషన్ దగ్గర కూర్చున్న మెకానిక్. దొరకని భాగాన్ని తనే కోసి, అరగదీసి, మరో బండిది తెచ్చి అతికించి ఇంజిన్‌కి ప్రాణం పోశాడు. ఆ విద్య అవసరం మళ్లీ పడుతుందని ఎవరూ అనుకోలేదు.

జోష్‌గా రెండో రాక

1995లో మహీంద్రాతో చెయ్యి కలిపి ఫోర్డ్ రెండోసారి వచ్చింది. మరుసటేడు ‘ఎస్కార్ట్’ రోడ్డెక్కింది గానీ పెద్దగా పట్టుబడలేదు. 1998లో మెజారిటీ వాటా తీసుకున్న ఫోర్డ్, 1999 నవంబరులో ‘ఐకాన్’ తెచ్చింది. ఇక్కడి రోడ్లకీ, ఇక్కడి అలవాట్లకీ తగ్గట్టు తీర్చిన కారు. ‘జోష్ మెషిన్’ అన్న ప్రకటనలు టీవీలో మార్మోగాయి. కోల్‌కతా, చెన్నై రహదారి నాలుగు వరుసలయ్యే రోజులవి. కొత్త రోడ్డు, చురుకైన ఇంజిన్... కుర్రకారుకి ఇంకేం కావాలి!

2003లో ఎండీవర్, 2005లో ఫియస్టా వచ్చాయి. 2010 మార్చిలో వచ్చిన ‘ఫిగో’ మాత్రం మధ్యతరగతి గడపలో అడుగుపెట్టింది. ప్రారంభ ధర మూడున్నర లక్షల లోపే. 2011కి ‘ఇండియన్ కార్ ఆఫ్ ది ఇయర్’గా ఎంపికైంది. 2013లో ఎకోస్పోర్ట్ వచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, వెనక తలుపుకి తగిలించిన స్టెప్నీ, నేలకి 200 మిల్లీమీటర్ల ఎత్తు. చెరువు గట్ల మీద తిరిగేవాళ్లకి కొలతలు తీసి కుట్టించినట్టే ఉంది! 2018లో అదే ఎకోస్పోర్ట్ చెన్నై నుంచి ఓడెక్కి అమెరికా షోరూముల్లోకి వెళ్లింది. 1926లో పెట్టెల్లో వచ్చిన ఫోర్డ్, తొంభై రెండేళ్లకు మన చేతుల్లో తయారై పుట్టింటికి వెళ్లిందన్నమాట.

తలుపేస్తే తెలుస్తుంది

ఫోర్డ్ కారున్నవాళ్లని ఎందుకు నచ్చిందని అడిగితే చాలామంది ముందు చెప్పేది తలుపు గురించే. వేస్తే ‘ధబ్’మని బరువుగా పడుతుందంటారు. తర్వాత స్టీరింగు. నూటికి దగ్గర్లో వెళ్తున్నా బండి రోడ్డుని అంటిపెట్టుకుని ఉంటుందనీ, మలుపులో చేతికి ధైర్యం ఇస్తుందనీ మెచ్చుకుంటారు. డీజిల్ ఫియస్టా, ఫిగోలైతే మైలేజీ దగ్గరా మంచి పేరే తెచ్చుకున్నాయి. వానాకాలంలో ఎండీవర్ దారే వేరు. 2016లో వచ్చిన మోడల్ 800 మిల్లీమీటర్ల లోతు నీళ్లలోనూ దాటగలదని కంపెనీయే చెప్పింది. 2015 నవంబరు, డిసెంబరు వరదల్లో నెల్లూరు జిల్లా పల్లెలు చూసిన నీళ్లు గుర్తున్నవాళ్లకి ఆ అంకె విలువ తెలుసు.

ఫిర్యాదులూ తక్కువేం కాదు. సర్వీసు ఖర్చెక్కువ అన్న పేరు మొదటి రోజుల నుంచీ వెంటాడింది. దాన్ని చెరిపేసుకోవడానికే ఫిగోతో ఓ మార్పు తెచ్చారు. చిన్న ముక్క పాడైతే మొత్తం యూనిట్ మార్చకుండా ఆ ముక్క ఒక్కటే దొరికేలా చేశారు. 2013లో పవర్ స్టీరింగ్ గొట్టం, వెనక ఇరుసు లోపాల కారణంగా లక్షా అరవై వేలకు పైగా ఫిగో, క్లాసిక్ కార్లను వెనక్కి పిలిచి సరిచేయాల్సి వచ్చింది.

ఎందుకు వెళ్లినట్టు?

2021 సెప్టెంబరు 9. ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నామని ఫోర్డ్ ప్రకటించింది. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని లెక్క చెప్పింది. కారణం కార్లు బాగోలేక కాదు. కొనేవాళ్లలో అత్యధికులు చిన్న కార్ల వైపు చూసే దేశంలో మారుతి, హ్యుందాయ్‌ల పట్టు సడలలేదు. ఫోర్డ్ వాటా రెండు శాతం దాటని స్థితి. చెన్నైకి తోడు 2015లో గుజరాత్‌లోని సాణంద్‌లో మరో కర్మాగారం పెట్టారు. రెండూ కలిపి ఏడాదికి నాలుగు లక్షల కార్లు చేయగలవు. అమ్ముడయ్యేవి అందులో కొంతే. ఖాళీగా ఉన్న యంత్రానికీ ఖర్చు తప్పదు కదా! కొత్త మోడళ్ల కోసం మళ్లీ మహీంద్రాతో కలవాలని 2019లో చేసుకున్న ఒప్పందం 2020 చివరి రోజున రద్దయింది. చివరి ఆశా పోయింది.

కర్మాగారాల్లో 4 వేల మంది దాకా ఉద్యోగులపై ఆ దెబ్బ పడింది. దేశవ్యాప్తంగా 170 మంది డీలర్ల దగ్గర పనిచేసే 40 వేల మంది భవిష్యత్తు ఏమిటని డీలర్ల సమాఖ్య అడిగింది. పరిహారం కోసం 2022లో చెన్నై కార్మికులు ఆందోళనకు దిగారు. ఆ జులైలో చివరి ఎకోస్పోర్ట్ బయటికొచ్చింది. సాణంద్ కర్మాగారం 2023 జనవరిలో టాటాల చేతికి వెళ్లింది.

ఉప్పుగాలితో యుద్ధం

కంపెనీ వెళ్తూ ఓ మాటిచ్చింది. సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామని. పదేళ్లపాటు భాగాలు అందుతాయన్నది ఆ హామీ సారాంశం. అంటే 2031 వరకు. విడిభాగాల గోదాముల్లో ఒకటి చెన్నైలోనే ఉండటం నెల్లూరు వాళ్లకి కలిసొచ్చే అంశం. ఇంజిన్ ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్ల లాంటి తరచూ మార్చేవాటికి బయటి కంపెనీల సరుకూ ఉంది. బంపర్లు, లైట్లు, లోపలి ప్లాస్టిక్ సామాన్లు, ఎలక్ట్రానిక్ యూనిట్ల దగ్గరే జాగ్రత్త పడాలి. బండికి దెబ్బ తగిలితే భాగం కోసం రోజుల తరబడి ఆగాల్సి రావచ్చు. అందుకే తుక్కుకి వెళ్లిన ఫోర్డ్ కార్ల నుంచి పనికొచ్చేవి ఏరి దాచే మెకానిక్కుకి గిరాకీ ఉంటుంది. 1950ల నాటి విద్య మళ్లీ అక్కరకొచ్చింది!

తీరంలో ఇంకో శత్రువు ఉంది... ఉప్పు. గాలిలోని ఉప్పు తేమతో కలిసి ఇనుము మీద సన్నని పొరలా పడుతుంది. మామూలు నీటికన్నా ఉప్పునీటిలో తుప్పు పట్టే చర్య చాలా వేగంగా సాగుతుంది. చెరువుల దగ్గరైతే ఏరేటర్లు చిమ్మే తుంపర దీనికి తోడు. పైకి మెరిసే బండికి కింద సైలెన్సరు, బ్రేకు పైపులు, తలుపుల అంచులు తినేసి ఉంటాయి. విరుగుడు పెద్ద ఖర్చేం కాదు. వారానికోసారి మంచినీళ్లతో బండి అడుగుభాగం కడగాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడిగి ప్రయోజనం లేదు. వానాకాలం ముందు అడుగున తుప్పు నిరోధక పూత వేయించాలి. పెయింటు లేచిన చోట వెంటనే పూయించాలి.

తక్కువ ధరకి దొరుకుతోందని పాత ఫోర్డ్ కొనేవాళ్లు కొన్ని విషయాలు చూసుకోవాలి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లుతో సహా అడగాలి. అది తెగితే ఇంజిన్‌కే ముప్పు. బండిని లిఫ్ట్ ఎక్కించి అడుగు చూడాలి. వరదలో మునిగిన బండేమో తెలుసుకోవడానికి సీట్ల కింది పట్టాలు, కార్పెట్ అడుగు చూస్తే బురద, తుప్పు దొరికిపోతాయి. 2010లో రోడ్డెక్కిన తొలి ఫిగోలకి 2025తో పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించకుండా వాటిని నడపడం కుదరదు. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఆ ఫీజు 5 వేల రూపాయలైంది. ఆ ఖర్చూ బేరంలో కలుపుకోవాలి.

రాట్నం కానుక

ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీయే ప్రారంభించారు. చేతి పనికి, రాట్నానికి గుడి లాంటి చోటది. ఆ రాట్నానికీ ఫోర్డ్‌కీ ఓ బంధం ఉంది. యంత్రాలతో ప్రపంచాన్ని మార్చిన హెన్రీ ఫోర్డ్ 1941లో గాంధీజీని మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. జవాబుగా గాంధీజీ తన సంతకంతో ఓ రాట్నం పంపారు. టి.ఎ.రామన్ అనే పాత్రికేయుడు దాన్ని 1942 డిసెంబరులో ఫోర్డ్‌కి అందజేశారు. అసెంబ్లీ లైన్ పెట్టిన మనిషి ఆ రాట్నాన్ని అపురూపంగా దాచుకున్నాడట!

మూడోసారి?

కథ ముగిసిందనుకుంటుండగా 2024 సెప్టెంబరులో మరైమలై నగర్ కర్మాగారాన్ని ఎగుమతుల కోసం మళ్లీ తెరుస్తామని ఫోర్డ్ తమిళనాడు ప్రభుత్వానికి లేఖ ఇచ్చింది. 2025 అక్టోబరులో 3,250 కోట్ల రూపాయల పెట్టుబడితో అక్కడ ఇంజిన్లు తయారుచేస్తామని ప్రకటించింది. ఉత్పత్తి 2029లో మొదలుపెట్టాలన్నది లక్ష్యం. అవి ఎగుమతికి చేసే ఇంజిన్లు. ఇక్కడి షోరూముల్లోకి కొత్త కార్లు వస్తాయన్న మాట అందులో లేదు. అయినా ఫోర్డ్ యజమానుల్లో చిన్న ఆశ చిగురించింది. కంపెనీ ఊళ్లోనే ఉంటే విడిభాగాల మాట నిలబెట్టుకుంటుందని.

ఆ ఆశ నెరవేరితే మంచిదే. లేకపోయినా తీరంలో ఈ బండ్లు రేపటికే ఆగిపోవు. హామీకి గడువు 2031. తుప్పుకి మాత్రం గడువుండదు. కాబట్టి కంపెనీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే బదులు ఈ వారం బండి అడుగు కడిగించడమే ఫోర్డ్ యజమాని చేయగల తెలివైన పని!