గొంగడి త్రిష: భద్రాచలం నుంచి ప్రపంచకప్ దాకా

గొంగడి త్రిష భారత అండర్-19 మహిళల జట్టులో ఓపెనింగ్ బ్యాటర్‌గా, లెగ్ స్పిన్ బౌలర్‌గా ఆడింది. 2005 డిసెంబరు 15న పుట్టిన ఈ భద్రాచలం అమ్మాయికి చిన్నతనంలోనే తండ్రి రామిరెడ్డి బ్యాట్ పట్టించారు. ఆమె ఆట కోసమే కుటుంబం హైదరాబాదుకు మారింది. దేశవాళీ క్రికెట్లో ఆమెది హైదరాబాద్ జట్టు.

అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ తొలిసారి 2023లో దక్షిణాఫ్రికాలో జరిగింది. ఫైనల్లో భారత్‌పై ఇంగ్లండ్ 68 పరుగులకే కుప్పకూలింది. ఛేదనలో త్రిష 24 పరుగులు చేసింది, భారత్ కప్పు గెలిచింది. 2024 డిసెంబరులో అండర్-19 ఆసియాకప్ ఫైనల్లో బంగ్లాదేశ్‌పై 52 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయింది.

అసలు త్రిష సత్తా లోకానికి తెలిసింది 2025లో, మలేసియా ప్రపంచకప్‌లో. స్కాట్లండ్‌పై 59 బంతుల్లో 110 పరుగులతో అజేయంగా నిలిచింది. ఈ టోర్నీ చరిత్రలో అదే తొలి శతకం. అంతటితో ఆగలేదు, అదే మ్యాచ్‌లో 6 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది! ఆల్‌రౌండర్ విలువ ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో ఫైనల్. త్రిష 15 పరుగులకు 3 వికెట్లు పడగొట్టగా దక్షిణాఫ్రికా 82 దగ్గరే ఆగింది. ఆపై 33 బంతుల్లో 44 నాటౌట్. భారత్ 9 వికెట్ల తేడాతో కప్పు నిలబెట్టుకుంది. మొత్తం 309 పరుగులు, 7 వికెట్లు సాధించిన త్రిషకే టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం దక్కింది. తెలంగాణ ప్రభుత్వం ఆమెకు కోటి రూపాయల నజరానా ప్రకటించింది.