పిచ్చుకగూళ్లు... కంప్యూటర్లో!

హనుమకొండ వేయిస్తంభాల గుడిని మోస్తున్నది ఇసుక! 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి పునాదుల్లో ఇసుక నింపారు. ఇంజినీర్లు దాన్ని 'శాండ్‌బాక్స్' పద్ధతి అంటారు. వీడియోగేముల వాళ్లూ ఇదే మాట వాడతారు. కాకపోతే వాళ్ల శాండ్‌బాక్స్... తడి ఇసుకలో పాదం పెట్టి పిల్లలు కట్టే పిచ్చుకగూళ్ల లాంటిదన్నమాట. గెలుపోటముల గొడవ లేదు. నచ్చినట్టు కట్టుకోవచ్చు, నచ్చకపోతే కూల్చేయొచ్చు.

ఈ తరహా ఆటల్లో మైన్‌క్రాఫ్ట్‌ది పెద్దపీట. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009లో దీన్ని జనం ముందు పెట్టాడు. పూర్తిస్థాయి విడుదల 2011 నవంబరులో. దీన్ని తయారుచేసిన మొజాంగ్‌ను 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొనేసింది. 2023 నాటికి అమ్ముడైన కాపీలు 30 కోట్లు దాటాయి.

బొమ్మలు చూస్తే అన్నీ మొరటు దిమ్మెలే. మరి ఇన్నేళ్లయినా మోజెందుకు తగ్గలేదు? కథ ఉన్న ఆట కథ అయిపోగానే అటకెక్కుతుంది. ఇందులో కథ ఆడేవాళ్లదే. కొత్తగా మొదలుపెట్టిన ప్రతిసారీ కొండలూ నదులూ గుహలూ వేరేగా పుట్టుకొస్తాయి. పెద్ద డ్రాగన్‌ను చంపినా ఆట ఆగదు. అన్నిటికన్నా ముఖ్యం... నిరుడు కట్టిన ఇల్లు ఈ వేసవి సెలవుల్లోనూ అక్కడే ఉంటుంది! దానికి ఇంకో గది వేయాలనిపించదూ? 'రెడ్‌స్టోన్' పొడితో కొందరు ఆటలోనే లెక్కలుచేసే యంత్రాలు కట్టారు. కొత్త జంతువులూ వస్తువులూ ఏటా వచ్చిచేరుతుంటాయి, ఒకసారి కొన్నవాళ్లకు ఉచితంగానే.

పెద్దవాళ్లకూ పనికొచ్చింది. నైరోబీలోని కిబేరా మురికివాడలో ఆటస్థలం ఎలా ఉండాలో స్థానికుల చేత ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం ఇందులోనే నమూనా కట్టించింది. వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని విడదీసి మళ్లీ నిలబెట్టడానికి ఏళ్లు పట్టింది, 2024 మార్చిలోగానీ తెరుచుకోలేదు. ఆటలో అయితే ఓపికున్న పిల్లాడికి నాలుగు ఆదివారాలు చాలు. తమాషా ఏమిటంటే అక్కడ రాతిదిమ్మె గాల్లోనే నిలుస్తుంది, ఇసుక మాత్రం ఆధారం లేకపోతే కిందపడుతుంది.

అమ్మానాన్నల ఇబ్బందీ ఇక్కడే. ముగింపు లేని ఆటకు 'ఈ ఒక్కటీ అయ్యాక లేస్తా' అన్నమాట వర్తించదు. అన్నానికి పదిసార్లు పిలవాల్సిందే! అందుకే 'ఎంతసేపు' అని కాకుండా 'ఈ పూట ఏం కడతావు' అని ముందే అడిగితే మేలు. గోడ పూర్తయితే ఆట కట్టు. ఇంకో సంగతి... ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిపే ఆన్‌లైన్ సర్వర్లలోకి చిన్నపిల్లల్ని ఒంటరిగా వదలకూడదు. ఒక్కరే ఆడుకునే ప్రపంచం ఎలాగూ ఉంది. 'పీస్‌ఫుల్' అమరిక పెడితే రాత్రిపూట భూతాలూ రావు.