పసిబిడ్డ ఒంటిపై ఎర్రమచ్చ.. ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

హైదరాబాద్: పసిబిడ్డ ఒంటిపై ఎర్రమచ్చ కనిపిస్తే చాలు, గ్రహణం వేళ తల్లి బయటికి వచ్చిందనో, కత్తి పట్టుకుందనో పాతబస్తీ ఇళ్లలో అనేస్తారు. తావీజు కట్టి ఊరుకుంటారు. గ్రహణానికీ, మచ్చకూ ఏ సంబంధమూ లేదు. పెరుగుతూ పోయే మచ్చ చాలాసార్లు రక్తనాళాల కణాలు ఎక్కువై ఏర్పడే గడ్డ. ఎక్కువ మందికి దీనితో ప్రమాదం ఉండదు. కానీ అరుదైన ఒక రకంలో ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

మామూలు రకం

తరచూ కనిపించేది హెమాంజియోమా. వంద మంది పిల్లల్లో నలుగురైదుగురికి వస్తుంది. పుట్టిన కొన్ని వారాలకు మొదలై, మొదటి నెలల్లో గబగబా పెరుగుతుంది. తర్వాత కొన్నేళ్లలో దానంతట అదే తగ్గుతుంది. కంటి దగ్గర, పెదవి మీద ఉన్నా, పుండు పడినా వెంటనే చూపించాలి. గుండెకు వాడే ప్రొప్రనొలాల్ మందుతో ఇది తగ్గుతుందని 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు తెలిపారు. అలాగని మెడికల్ షాపులో అడిగి వేయకూడదు. బిడ్డకు షుగర్ పడిపోవచ్చు.

అరుదైన రకం

కపోసిఫాం హెమాంజియోఎండోథీలియోమా అనే గడ్డ లక్షలో ఒకరికి వచ్చేంత అరుదు. చర్మం కింద కండలోకీ పాకుతుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు ఈ గడ్డలో చిక్కుకుపోతాయి. దాంతో ఒంట్లో అవి పడిపోయి రక్తస్రావం కావొచ్చు. 1940లో ఈ పరిస్థితిని వివరించిన డాక్టర్ల పేరుతో దీన్ని కసబాక్-మెరిట్ అంటారు. మామూలు హెమాంజియోమాలో ఇలా జరగదు.

ఈ గుర్తులుంటే అదే రోజు ఆస్పత్రికి

- మచ్చ ఊదా రంగుకు మారి, గట్టిపడి, ఉన్నట్టుండి ఉబ్బడం
- దెబ్బ తగలకుండానే ఒంటిపై కమిలిన మచ్చలు, ఎర్ర చుక్కలు
- ముక్కు, చిగుళ్ల నుంచి రక్తం
- బిడ్డ పాలిపోవడం, పాలు తాగకపోవడం

గడ్డ మీద మాలిష్ చేయొద్దు. సూదితో పొడవొద్దు. సున్నం, పసుపు పూయొద్దు.

ఎక్కడికి వెళ్లాలి?

పిల్లల కోసం రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ నీలోఫర్ ఆస్పత్రి ఉంది. ముందుగా ప్లేట్‌లెట్ల లెక్క తెలిసే రక్తపరీక్ష, తర్వాత స్కానింగ్ చేస్తారు. సిరోలిమస్, స్టెరాయిడ్ల వంటి మందులతో చికిత్స ఉంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

మచ్చ చిన్నదైనా వారానికోసారి ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది డాక్టర్‌కు ఆ ఫొటోలే చెబుతాయి.