నీళ్లలో ఊరు - బోర్డు మీద ధర

ఇటలీ దేశంలో వెనిస్ అనే ఊరు ఉంది. ఆ ఊరి వీధుల్లో బస్సులు తిరగవు. కార్లు లేవు. సైకిలు కూడా తొక్కనివ్వరు. మరి జనం ఎలా తిరుగుతారు? నడుస్తారు. లేదంటే పడవ ఎక్కుతారు.

సముద్రం ఒడ్డున లోతులేని ఉప్పునీటి సరస్సు ఉంది. అందులో వందకు పైగా చిన్న చిన్న దీవులు ఉన్నాయి. వాటి మీద కట్టిన ఊరే వెనిస్. దీవికీ దీవికీ మధ్య కాలువ. కాలువ మీద వంతెన. అలాంటి వంతెనలు 400కు పైగా ఉన్నాయి. పొద్దుగూకే వేళ ఎండ నీళ్ల మీద పడి మెరుస్తుంది. ఆ అందం చూడడానికే దేశదేశాల నుంచి కొత్త జంటలు వస్తారు.

ఊరికి పేరు పెరిగింది. పేరుతో పాటు ధరలూ పెరిగాయి. అక్కడ చెల్లే డబ్బు యూరో. 2025 చివరికి ఒక యూరో విలువ మన డబ్బులో 100 రూపాయలు దాటింది. మరి తక్కువ డబ్బుతో ఈ ఊరు చూడలేరా? చూడగలరు. అందుకు కావలసినవి రెండే. నడిచే కాళ్లు, బోర్డు చదివే కళ్లు.

పడవల లెక్క

వెనిస్ అనగానే అందరికీ గొండోలా గుర్తొస్తుంది. ఇది నల్లటి సన్నని పడవ. వెనక ఒక మనిషి నిలబడి తెడ్డు వేస్తాడు. దీనికి నగరపాలక సంస్థ ధర కట్టింది. 2023 నవంబరు నుంచి పగటిపూట అరగంటకు 90 యూరోలు. రాత్రి 7 గంటలు దాటితే 110 యూరోలు. ఇది పడవకు ధర. తలకు కాదు. ఐదుగురు కలిసి ఎక్కితే పగటిపూట ఒక్కొక్కరికి 18 యూరోలే పడుతుంది. ఈ సంగతి చదివి తెలుసుకోనివాళ్లు ఎక్కువ ఇచ్చి మోసపోతారు.

అంత డబ్బు లేదా? దానికీ దారి ఉంది. ఊరి మధ్య పెద్ద కాలువ పారుతుంది. దాని మీద వంతెనలు నాలుగే. అందుకని కొన్ని చోట్ల రేవు పడవలు నడుపుతారు. వీటిని ట్రగెట్టో అంటారు. ఇవీ గొండోలా లాంటివే. 2 యూరోలు ఇస్తే ఆ ఒడ్డుకు చేరుస్తారు. రెండు మూడు నిమిషాల ప్రయాణమే. కానీ గొండోలా ముచ్చట తీరుతుంది.

దూరం పోవాలంటే నీటి బస్సు ఉంది. దాని పేరు వాపొరెట్టో. 2025లో ఒక టిక్కెట్టు 9 యూరోల 50 సెంట్లు. అది 75 నిమిషాలు చెల్లుతుంది. 24 గంటలు చెల్లే టిక్కెట్టు 25 యూరోలు. వేర్వేరు పూటల్లో మూడుసార్లు ఎక్కితే విడి టిక్కెట్లకు 28 యూరోల 50 సెంట్లు అవుతుంది. కాబట్టి మూడుసార్లు ఎక్కేవాళ్లకు రోజు టిక్కెట్టే లాభం. ఒకటో నెంబరు పడవ పెద్ద కాలువ పొడవునా పోతుంది. రెండు వైపులా పాత భవనాలన్నీ కూర్చునే చూడవచ్చు.

నడిచి చూసేదానికి పైసా ఖర్చు లేదు. సెయింట్ మార్క్ చౌకు ఉంది. 1591లో పూర్తయిన రియాల్టో రాతి వంతెన ఉంది. ఊరంతా చిన్న చిన్న చౌకులు, వాటి మధ్య రాతి బావులు. చుట్టూ ఉప్పునీరే కాబట్టి పూర్వం అక్కడివాళ్లు వాననీటిని ఇసుకలో వడకట్టి ఈ బావుల్లో నిలవ చేసుకునేవారు. 1884లో గొట్టాల నీళ్లు వచ్చాయి. ఇప్పుడు వీధుల్లో మంచినీటి కుళాయిలు ఉన్నాయి. ఖాళీ సీసా వెంట ఉంటే నీళ్లు కొనే పని లేదు.

నిలబడితే ఒక ధర, కూర్చుంటే ఒక ధర

వెనిస్‌లో కాఫీకి రెండు ధరలు ఉంటాయి. బల్ల దగ్గర నిలబడి తాగితే సుమారు ఒకటిన్నర యూరో. అదే కాఫీ కుర్చీలో కూర్చుని తాగితే ఎన్నో రెట్లు ఎక్కువ. పెద్ద చౌకులో సంగీతం వాయించే హోటళ్లు ఉన్నాయి. అక్కడ పాట విన్నందుకు కూడా బిల్లులో వేస్తారు. ఇది మోసం కాదు. ధరల పట్టీలో రాసే ఉంటుంది. చదవకుండా కూర్చున్నవాళ్లకే దెబ్బ.

భోజన హోటల్లో ఇంకో మాట చూడాలి. దాని పేరు కొపెర్తో. అంటే కూర్చున్నందుకు తలకు ఇంత అని తీసుకునే డబ్బు. చేపల ధర మరీ జాగ్రత్తగా చదవాలి. పట్టీలో 7 యూరోలు అని ఉంటుంది. పక్కనే చిన్న అక్షరాల్లో 100 గ్రాములకు అని ఉంటుంది. చేప 800 గ్రాములు తూగితే 56 యూరోలు!

2018లో జపాన్ నుంచి వచ్చిన నలుగురు విద్యార్థులు ఒక హోటల్లో మాంసం, చేపలు తిన్నారు. బిల్లు 1100 యూరోలు దాటింది. వాళ్లు ఫిర్యాదు చేశారు. అధికారులు తనిఖీ చేసి ఆ హోటలుకు జరిమానా వేశారు. ఫిర్యాదు చేసినందుకే అది సాధ్యమైంది.

ఊరివాళ్లు ఎక్కడ తింటారు? బాకరో అనే చిన్న అంగళ్లలో. అక్కడ రొట్టెముక్క మీద చేప గుజ్జో, కూరగాయో, జున్నో పెట్టి ఇస్తారు. వీటిని చిక్కెట్టి అంటారు. చాలాచోట్ల ఒక్కోటి రెండు మూడు యూరోలు. నిలబడి నాలుగు తింటే కడుపు నిండుతుంది. వండుకునే వసతి ఉన్నవాళ్లు రియాల్టో సంతకు పోతారు. అక్కడ మంగళవారం నుంచి శనివారం దాకా పొద్దున్నే చేపలు అమ్ముతారు.

గాజు వస్తువు కొనే ముందు

వెనిస్ పక్కన మురానో దీవి ఉంది. గాజు కొలిమిలతో ఊరు తగలబడుతుందన్న భయంతో 1291లో ఆ పనివాళ్లను అక్కడికి పంపారు. ఆ గాజుకు లోకమంతా పేరు. అందుకే నకిలీ సరుకు కూడా వస్తోంది. అసలు సరుకును గుర్తించడానికి 1994లో చట్టం చేసి ఒక ముద్ర ఏర్పాటు చేశారు. ఆ ముద్ర అతికించిన వస్తువు అసలుదని నమ్మకం. చిన్న పూస కొన్నా చాలు. అసలుది కొంటే పనివాడి చేతికి కూలి దక్కుతుంది.

చివరి బోర్డు

రియాల్టో వంతెన దగ్గర ఒక మందుల షాపు ఉంది. 2008లో దాని అద్దం వెనక ఒక అంకెల పెట్టె పెట్టారు. అది ధర చూపేది కాదు. ఊళ్లో కాపురం ఉండేవాళ్లు ఎంతమందో చూపేది. 1951లో ఆ దీవుల ఊళ్లో సుమారు 1,75,000 మంది ఉండేవారు. 2022లో అది 50,000 కంటే కిందికి దిగింది.

ఎందుకిలా? ఇళ్లు యాత్రికుల లాడ్జీలు అవుతున్నాయి. అద్దెలు పెరిగాయి. పచారీ కొట్టు పోయి బొమ్మల కొట్టు వస్తోంది. రద్దీ తగ్గించడానికి 2024లో ఒక రుసుము పెట్టారు. రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లు దాన్ని కట్టాలి. 2025లో ముందే కడితే 5 యూరోలు, ఆలస్యం చేస్తే 10 యూరోలు. రాత్రి బస చేసేవాళ్లకు ఇది లేదు. కాకపోతే పేరు నమోదు చేసుకోవాలి. బస పన్ను వేరే కట్టాలి.

ఊరివాళ్లు తినేచోట తిని, వాళ్లు ఎక్కే పడవ ఎక్కి, వాళ్లు చేసిన వస్తువు కొంటే యాత్రికుడి డబ్బు మిగులుతుంది. ఊరివాళ్లకు బతుకూ దొరుకుతుంది. ధర చదవడం తన సంచి కోసం. అద్దం వెనకున్న ఆ అంకె చదవడం ఆ ఊరి కోసం.

లెక్క వేయండి

1. నలుగురు కలిసి పగటిపూట అరగంట గొండోలా ఎక్కారు. ఒక్కొక్కరికి ఎంత పడుతుంది?
2. చేప ధర 100 గ్రాములకు 6 యూరోలు. చేప బరువు 500 గ్రాములు. ఇద్దరు తిన్నారు. కొపెర్తో తలకు 3 యూరోలు. మొత్తం బిల్లు ఎంత?
3. మీరు ఈమధ్య బోర్డు చదివి డబ్బు మిగుల్చుకున్నారా? ఎక్కడ? నాలుగు మాటల్లో రాయండి.